ముప్పై ఇళ్ళ మాట

మా సంఘం నన్ను మహాసభకు ప్రతినిధిగా పంపింది నాకు ఎవరూ లేరు కాబట్టి.

డెబ్బైల చివరి సంగతి ఇది. మడికొండలో మా చర్చికి ముప్పై ఇళ్ళవాళ్ళు వచ్చేవారు. చర్చి పక్కనే రెండు గదుల బడి. ఆ బడిలో నేను పంతులమ్మను. రఘునాథపల్లి అవతల ఒక పల్లెలో మా నాన్న ఉపదేశిగా పనిచేశాడు. ఉపదేశి అంటే, పాస్టరు రాని ఆదివారాల్లో వాక్యం చదివి ప్రార్థన చేసే మనిషి. నాకు అక్షరాలు నేర్పింది కూడా లేఖనాల మీద వేలు పెట్టించే. ఆయనా పోయి, అమ్మా పోయాక, ఇరవై ఏళ్ళప్పుడు ఒక ట్రంకుపెట్టెతో మడికొండ వచ్చి బడి వెనక గదిలో చేరాను. పద్నాలుగేళ్ళు గడిచినా ఊరికి నేను బయటినుంచి వచ్చినదాన్నే. పెళ్ళికీ చావుకీ పిలిచేవాళ్ళు, ప్రేమగానే పిలిచేవాళ్ళు, పీట వేసి కూర్చోబెట్టేవాళ్ళు. పని మాత్రం చెప్పేవాళ్ళు కాదు. పని చెప్పేది సొంతవాళ్ళకే.

సంఘంలో ఇద్దరు పెద్దలు ఉండేవారు. ఒకాయన కాజీపేట రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్. ఇంకొకాయన ఇళ్ళు కట్టే మేస్త్రీ. ఇద్దరూ దేవుని భయం ఉన్నవాళ్ళే, కానీ ఒకాయన కిటికీ తెరవమంటే రెండో ఆయనకు చలి పెట్టేది. చుట్టుపక్కల చర్చిలన్నీ కలిసి ఏటా జరిపే మహాసభకు ఒక్కో సంఘం నుంచి ఒక్కరే వెళ్ళాలి. ఆ ఒక్కరు ఎవరన్నది ప్రతి ఏడూ తగువే. ఆ ఏడు ఆరాధన ముగిశాక గంటసేపు కూర్చున్నా తేలలేదు.

"మేస్త్రీ పోతే ఒక్క మాట మాట్లాడడు. ఆడ కూర మంచిగుందా లేదా చూసొస్తడు" అన్నాడు గ్యాంగ్‌మన్.

"నువ్వు పోతే మాట్లాడుతనే ఉంటవు. వాళ్ళే లేచి ఇండ్లకు పోతరు" అన్నాడు మేస్త్రీ.

అప్పుడు వెనక చాప మీద కూర్చున్న ముసలమ్మ నోరు తెరిచింది. ఇళ్ళ నుంచి పిడికెడు బియ్యం పోగుచేసేది ఆమే. మా ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు పూటపూటా ఒక పిడికెడు తీసి, దేవుని పేర వేరే కుండలో వేసేవాళ్ళు. శనివారం శనివారం ముసలమ్మ గంప పట్టుకుని తిరిగి ఆ కుండలన్నీ గుమ్మరించుకుని వచ్చేది.

"పంతులమ్మను పంపుండ్రి. ఆమెకు ఎవ్వరున్నరు? ఇటు చుట్టం లేదు, అటు చుట్టం లేదు. ఎవ్వరి దిక్కు మాట్లాడది" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇష్టమైనవాళ్ళు చేతులెత్తమంటే అన్ని చేతులూ లేచాయి, పెద్దలిద్దరివీ ఒకేసారి. గదికి వచ్చి తలుపు వేసుకున్నాక ముసలమ్మ మాట మళ్ళీ చెవిలో పడింది. ఉన్నమాటే కదా అనుకుని, మధ్యాహ్నమే తుడిచిన లాంతరు గ్లాసు మళ్ళీ తుడిచాను.

నాకు అప్పజెప్పిన పని ఒక్కటే. మా పాస్టరును మేం అయ్యగారు అనేవాళ్ళం. ఆయన మా దగ్గరకు వచ్చి ఐదేళ్ళు నిండాయి. ఐదేళ్ళు నిండితే బదిలీ. బదిలీల జాబితా మహాసభలో చదువుతారు, ఎవరికి ఏ ఊరో ముందే పొక్కుతుంది. పేరు చదివినప్పుడు ఆ సంఘం ప్రతినిధి లేచి, మా సంఘానికి ఇష్టం లేదని చెబితే ఇంకో మూడేళ్ళు ఉంచుతారు. లేవకపోతే ఆయన వెళ్ళిపోవాలి. తన సంగతి తాను చెప్పుకోవడానికి పాస్టరుకు లేదు. ఎక్కడికి పంపితే అక్కడికి పోతానని అభిషేకం రోజున ప్రమాణం చేసిన మనిషి.

ఆయన్ని వదులుకోవడం ఎవరికీ ఇష్టం లేదు. ఎవరికి జ్వరమొచ్చినా పెద్ద దవాఖానకు వెంట వెళ్ళి చీటీ కోసం లైనులో నిలబడేవారు. ఏ ఇంట్లో ఏది పెడితే అది తినేవారు. అందుకని సంఘం తరఫున నేనే ఒక కాగితం రాశాను, ఈమె చెప్పేది మా మాట అని. కింద సంతకాలు కొన్ని, వేలిముద్రలు ఎక్కువ. సున్నంలో నాని నాని మేస్త్రీ బొటనవేలు నున్నగా అయిపోయింది. మూడుసార్లు ఒత్తితే ముద్ర పడింది.

"మల్ల మా మాటే చెప్పాలె పంతులమ్మా. నీ మాట కలపొద్దు" అన్నాడు.

"నాకు వేరే మాటేముందన్నా" అన్నాను.

ఉంది. అయ్యగారి భార్య.

ఆమె నాకంటే ఆరేళ్ళు చిన్నది. బడి విడిచాక మధ్యాహ్నాలు నా గదికి వచ్చేది. గడప మీద కూర్చుని చింతపండులో గింజలు తీసుకుంటూ, వచ్చే ఆదివారానికి పాటలు ఎంచుకునేవాళ్ళం. కొన్నిసార్లు ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఊళ్ళో పెద్దకూ చిన్నకూ నేను పంతులమ్మను. ఆమె ఒక్కతే అక్కా అనేది. అమ్మ పోయాక నన్ను వరస పెట్టి పిలిచిన మనిషి ఇంకెవరూ లేరు.

వాళ్ళకు ఏడేళ్ళ కూతురు. మాటలు రాలేదు. రెండేళ్ళ కిందట సంఘమంతా ఆ పిల్ల కోసం మూడు రోజులు ఉపవాసం ఉంది. నేను మంచినీళ్ళతోనే ఉన్నాను. మూడో రోజు సాయంత్రం పాట నడుస్తుంటే పిల్ల లేచి వెళ్ళి, మోగుతున్న డోలక్‌కు అరచెయ్యి ఆనించి నవ్వింది. మేస్త్రీ భార్య లేచి నిలబడి, "వింటాంది, నా కండ్లతోటి చూసిన" అని సాక్ష్యం చెప్పింది. ఏడవని మనిషి లేడు. అయ్యగారు మోకాళ్ళ మీద కూలబడి స్తోత్రం చెప్పారు. ఆ తర్వాత ఆ సాక్ష్యాన్ని నెలకొకసారైనా ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. పిల్ల డోలక్ దగ్గరకు వెళ్ళినప్పుడల్లా ఒకరి మోచెయ్యి ఒకరు పొడుచుకుని సంతోషపడేవాళ్ళు.

నేను పిల్లల మధ్య బతికేదాన్ని. ఒకరోజు ఆ పిల్ల వీపు వెనక స్టీలు పళ్ళెం బండ మీద పడేశాను. ఇటు తిరగలేదు. డోలక్ అదురు ఆమె అరచేతికి తెలిసేది, అంతే. నేను ఎవరికీ చెప్పలేదు. దేవుడు చేయలేడని కాదు. అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. ఆయన ఇంకా చేయనిదాన్ని చేశాడని మేం చెప్పుకున్నాం. ఒకసారి నలుగురిలో సాక్ష్యం చెప్పాక దాన్ని వెనక్కి తీసుకోవడం మాలో ఎవరికీ చేతకాలేదు. తీసుకుంటే విశ్వాసం తప్పినట్టు అనిపించేది.

మహాసభ వంటకు ప్రతి ప్రతినిధీ తమ సంఘం బియ్యం పట్టుకుపోవాలి. బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం, ముసలమ్మ తెచ్చిన బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. ముప్పై ఇళ్ళ బియ్యం. కొన్ని ముతక, కొన్ని సన్నం, కొన్ని దంపుడు, మిగతావి నూకలు. అయ్యగారి భార్య వచ్చి ఎదురుగా కూర్చుని చాటలో చెయ్యి పెట్టింది. పిల్ల బండ మీద గింజలు బారుగా పేరుస్తోంది.

"అక్కా, జాబితాల మాకు ఏ ఊరొచ్చిందో ఎర్కేనా?"

"హైదరాబాదు అవతల ఏదో టౌను అన్నరు."

"ఆడ చెవులు వినబడని పిల్లల బడి ఉన్నది. ఇంటి కాడి నుంచే పోయి రావచ్చు. ఇప్పుడే చేర్పియ్యాలెనంట. ఆలస్యమైతే మాట తిరుగుడు కష్టమని దవాఖానల డాక్టరమ్మ చెప్పింది."

నేను చాటలోంచి తల ఎత్తలేదు. "అయ్యగారికి ఎర్కేనా?"

"ఎర్కే. ఎట్లడుగుతడు? అందరి ముంగట మోకాళ్ళ మీద పడి స్తోత్రం చెప్పిండు. ఇప్పుడు నా బిడ్డకు వినబడ్తలేదని ఏం మొఖంతోటి చెప్తడు? మేం అడగలే అక్కా. అడగకుండనే ఆ ఊరొచ్చింది. దేవుడే తీసిండు తలుపు."

"నన్నేం చెయ్యమంటవు?"

"ఏం చెయ్యొద్దు. పేరు చదివినప్పుడు లేవకు. గంతే."

"నన్ను పంపేది వాళ్ళు, చెల్లె."

"అందుకే నిన్నడుగుతాన."

"వాళ్ళకు చెప్తే ఏమైతది? పిల్ల కోసమంటే వాళ్ళే పోనిస్తరేమో."

"వద్దు. మూడు దినాలు పస్తులున్నోళ్ళకు ఏమని చెప్తవు? వద్దక్కా." మాలో ఒట్లు పెట్టుకోరు. అయినా ఆమె నా చెయ్యి పట్టి లాగి పిల్ల తల మీద పెట్టింది. "ఎవ్వరికీ చెప్పనను."

చెప్పనన్నాను. లేవననలేదు. ఆమె ఆ రెండింటినీ ఒకటే అనుకుంది. చాట పక్కకు జరిపి నా భుజం మీద తల ఆనించింది. నేను ఆ తలను అలాగే ఉండనిచ్చాను.

సుబేదారిలో ఒక బడి ఆవరణలో మహాసభ. రెండు రోజులు. వంటాయన నా సంచి మూతి విప్పి గింజలు అరచేతిలో పోసుకుని చూశాడు.

"ఇదేం బియ్యమమ్మా. సగం చిమిడిపోతయి, సగం ఉడకయి."

"ముప్పై ఇండ్లయి" అన్నాను.

"ఒక్క ఇంటియి తెస్తే నాకు బాధ లేకపోవు" అని పక్కన పెట్టాడు.

మొదటి రోజంతా నివేదికలు. జాబితా రెండో రోజు మధ్యాహ్నమన్నారు. ఆ సాయంత్రం మా ఊరికి బస్సు ఉంది. ముప్పావుగంట దారి. వెళ్ళి, పెద్దలిద్దరినీ కూర్చోబెట్టి, పిల్ల పేరు ఎత్తకుండానే ఒక్క ప్రశ్న అడిగి పొద్దున్నే తిరిగి రావచ్చు. ఆ ఆలోచన రాలేదు. నేనే రానివ్వలేదు అనడం నిజం.

దానికి బదులు నాన్న చెప్పిన కథ తలుచుకుంటూ కూర్చున్నాను. లేఖనాల్లో ఒక ముసలి యజమాని తన కొడుక్కి పిల్లను తెమ్మని ఇంటి పనివాణ్ణి దూరదేశం పంపుతాడు. పిల్ల తరఫువాళ్ళ ఇంట్లో అన్నం వడ్డిస్తే, వచ్చిన పని చెప్పేదాకా ముట్టనంటాడు ఆ పనివాడు. నాన్న ఆ మనిషిని ఎంతో మెచ్చుకునేవాడు. నేనూ బడిపిల్లలకు ఏటా ఆ కథ చెప్పేదాన్ని. రెండో రోజు పొద్దున్నుంచి నేను ఏమీ తినలేదు. భోజనాల గంట కొట్టినా లేవలేదు.

జాబితా చదివేటప్పుడు అయ్యగారి భార్య ఎదురు వరసలో ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. పిల్ల ఒళ్ళో ఉంది. మా ఊరి పేరు వినబడింది. ఆమె నా వైపు చూసి, వెంటనే తల దించుకుని పిల్ల జడ సవరించింది. నేను లేచాను.

"మా సంఘానికి ఇష్టం లేదు. ముప్పై ఇళ్ళవాళ్ళు రాసి పంపారు. మా అయ్యగారిని మాకు ఉంచండి" అన్నాను. కాగితం తీసుకెళ్ళి ఇచ్చాను.

అధ్యక్షులు వేలిముద్రల మీద అద్దాలు ఆనించి చూశారు. "ఇది సంఘం అభిప్రాయమా, మీదా?"

"సంఘానిది. నాదంటూ ఏమీ లేదు."

ఆయన పాస్టర్ల వరసలో ఉన్న అయ్యగారిని మీరేమంటారని అడిగారు. అయ్యగారు నిలబడి, "ఉంచిన చోట ఉంటాను" అని కూర్చున్నారు. పేరు కొట్టేశారు. తర్వాతి ఊరి పేరు చదివారు.

నేను భోజనాల పాకలోకి వెళ్ళాను. వంటాయన మా బియ్యం ఆఖరున వండినట్టున్నాడు. కొన్ని మెతుకులు పిండిపిండిగా, కొన్ని పలుకుగా ఉన్నాయి. ఆకలేసి రెండుసార్లు పెట్టించుకున్నాను. ఆ రోజు మొత్తంలో నన్ను ఇప్పటికీ సిగ్గుపడేలా చేసేది ఆ ఆకలే.

తిరుగు బస్సులో అయ్యగారు మగవాళ్ళ వైపు, ఆయన భార్య నా ముందు సీటులో కూర్చున్నారు. పిల్ల నిద్రపోయింది. ఆమె ఏడవలేదు, వెనక్కి తిరగలేదు. మడికొండ వచ్చాక సంచి తీసుకుని లేచి, నేను కదలకపోతే అంది:

"దిగుండ్రి పంతులమ్మా. ఊరొచ్చింది."

కబురు ముందు బస్సులోనే చేరినట్టుంది, దిగేసరికి ముప్పై ఇళ్ళవాళ్ళూ రోడ్డు మీదే ఉన్నారు. గ్యాంగ్‌మన్, మేస్త్రీ ఒక దండకు చెరో కొస పట్టుకుని అయ్యగారి మెడలో వేశారు. ముసలమ్మ నా గడ్డం పట్టుకుని, "నేను చెప్పలేదా, ఈమెనే పంపాలెనని" అంది. డోలక్ మోగింది. నిద్రలేచిన పిల్ల తల్లి చేతిలోంచి జారి దాని దగ్గరకు పరుగెత్తింది. "వింటాంది" అన్నారు అందరూ.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఎవరూ రాలేదు. అయ్యగారి భార్య నాతో మాట మానలేదు. మానితే అడగవచ్చు. ఆదివారం నమస్కారం పెట్టేది, పండుగకు గిన్నెలో కూర పంపేది, బడి సంగతులు అడిగేది. పంతులమ్మా అనేది. అందరిలాగే, అందరంత మర్యాదగా. నేను బడి విడిచాక గడప మీద కూర్చుని చింతపండు గింజలు ఒక్కదాన్నే తీసేదాన్ని. అంత చింతపండు నాకెందుకో నాకే తెలియదు. మోకాళ్ళ మీద ఉండి, ప్రభువా నేను అప్పజెప్పిన పని చేశాను కదా అని అడిగేదాన్ని. చాలాకాలం అదే ప్రార్థన. వేరే మాట నోట్లోకి రాలేదు.

మరుసటి ఏడు బడిలో పాఠం కోసం ఆ పనివాడి కథ మళ్ళీ తీశాను. అలవాటుగా అన్నం వడ్డించే చోటుకు వెళ్ళకుండా మొదటి నుంచి చదివాను. బయలుదేరే ముందు ఆ పనివాడు యజమానిని ఒక మాట అడుగుతాడు: పిల్లకు నాతో రావడం ఇష్టం లేకపోతే ఏం చేయమంటావు? ఇష్టం లేకపోతే నీ ప్రమాణం నుంచి నీకు విడుదల అంటాడు యజమాని. ఎన్నేళ్ళు చెప్పానో ఆ కథ. ఆ ప్రశ్న నా కంటికి ఎన్నడూ ఆనలేదు. తినని సంగతే గుర్తుపెట్టుకున్నాను. అడిగిన సంగతి వదిలేశాను. ఆ రోజు పిల్లలకు పాఠం చెప్పలేక లెక్కలు చేయమన్నాను.

ఆ ఏడు కూడా సంఘం నన్నే వెళ్ళమంది. ఈసారి తగువు కూడా లేదు. నేను లేచి నిలబడి అడిగాను: "నేను ఆడికి పోయినంక మీకు తెల్వనిది ఒకటి నాకు తెలిస్తే ఏం చెయ్యాలె?"

"నీకు తెలిసేదేంది. చెప్పింది చెప్పి రా" అన్నాడు మేస్త్రీ.

"అట్లెట్ల" అన్నాడు గ్యాంగ్‌మన్. "బస్సెక్కి వచ్చి మాకు చెప్పు. ఏముంది, సుబేదారి ఎంత దూరం. అందరం కలిసి మల్ల ఆలోచన చేస్తం."

"గది గూడ నిజమే" అన్నాడు మేస్త్రీ. వాళ్ళిద్దరూ ఒక మాట మీదకు రావడం నేను చూసింది అదొక్కసారే.

ముసలమ్మ నా వంక చూసింది. "పోయినేడు ఏమన్న తెలిసిందా బిడ్డా?"

అయ్యగారి భార్య ఆడవాళ్ళ వరసలో ఉంది. నా చెయ్యి పిల్ల తల మీద పెట్టించిన రోజు ఇద్దరికీ గుర్తుంది. నేను లేదన్నాను. నా బదులు ఇంకొకరిని పంపమని చెప్పి కూర్చున్నాను.

మూడేళ్ళు నిండాక అయ్యగారి పేరు మళ్ళీ చదివారు. రెండోసారి ఉంచమనడానికి నియమం లేదు. అదే టౌను వచ్చింది. అప్పటికి పిల్లకు పదేళ్ళు. సామాను లారీకి ఎక్కిస్తుంటే వెళ్ళి నిలబడ్డాను. పని చెప్పలేదు. పీట వేసి కూర్చోబెట్టారు.

ఇంకో రెండేళ్ళకు, ఎనభైల్లో, ఒక వేసవి సెలవుల్లో చిరునామా కనుక్కుని ఆ టౌనుకు వెళ్ళాను. అయ్యగారు ఏదో ప్రార్థనకు వెళ్ళారట. ఆమె నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కాళ్ళకు నీళ్ళిచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల ఒకటో తరగతి పుస్తకం పెట్టుకుని కూర్చుని ఉంది. బడిలో ఆరేళ్ళ పిల్లల మధ్య కూర్చుంటుందట, బెంచీ చాలక మోకాళ్ళు పక్కకు తిప్పుకుని.

ఆమె కంచంలో అన్నం పెట్టి తెచ్చింది. నేను చెయ్యి కడుక్కోలేదు.

"ఒక మాట చెప్పి తింట" అన్నాను. "ఆ దినం నేను సంఘం కోసం మాట్లాడలే. కాగితం వాళ్ళది. మాట నాది. నువ్వు పోతే నాకెవ్వరున్నరని లేచిన. ముప్పై ఇండ్ల పేరు పెట్టి నా కోసం అడిగిన."

ఆమె కంచం నా ముందుకు జరిపింది.

"తెల్సు" అంది. "సంఘం మాటే అయితే నువ్వు నా దిక్కు చూసి చెప్తుంటివి."

నువ్వు అంది. ఐదేళ్ళ తర్వాత. నేను ఇంకేదో వస్తుందని ఎదురుచూశాను. ఆమె మంచినీళ్ళ గ్లాసు కంచం పక్కన పెట్టింది.

"తినుండ్రి. చల్లారుతాంది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పిల్ల పుస్తకం పక్కన పెట్టి నా ముందుకు వచ్చి కూర్చుంది. నా ముఖం గుర్తుందో లేదో తెలియదు. అరచెయ్యి చాచి నా గొంతు మీద పెట్టింది. వంటింట్లోంచి తల్లి గొంతు వచ్చింది: "బడిల నేర్పిండ్రు. అట్ల పెట్టి మాట పట్టుకుంటది. నాలుగైదు మాటలొచ్చినయి. ముందే తెస్తే ఎక్కువొచ్చేటియి అన్నరు."

పిల్ల నా పెదవుల వంక చూస్తూ ఎదురుచూస్తోంది. చెయ్యి చిన్నప్పటిలాగే వెచ్చగా ఉంది.

"తప్పయింది బిడ్డా" అన్నాను.

పిల్ల తల అడ్డంగా ఊపింది. మాట అందలేదు. చెయ్యి ఇంకొంచెం గట్టిగా ఆనించింది. మళ్ళీ అన్నాను.